సగం కన్ను, సగం నెమరు: ఒక యానిమేషన్ కథకు చేసిన మరమ్మతు

ఈ కేసులో మొదటి రెండు నెలలు నేను తవ్వింది తప్పు చోట. దీన్ని రాసి పెట్టుకోవడానికి అదే కారణం. నా పని కథలకు మరమ్మతు. సగంలో ఆగిన స్క్రిప్టు నా దగ్గరికి వస్తుంది. ఎక్కడ కారుతోందో చూసి చెప్పాలి, వీలైతే నేనే అతుకు వేయాలి. బృందం ఎవరో తెలిసే వివరాలు, పాత్రల పేర్లు ఇక్కడ తీసేశాను. కథలోని జంతువులను మాత్రం అలాగే ఉంచాను, అవి మారితే కేసే మిగలదు. అందుకు బృందం ఒప్పుకుంది.

చేతికి వచ్చిన కథ

నెల్లూరులో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని పనిచేసే చిన్న బృందం వారిది. ఏళ్ల తరబడి ఇతరుల ప్రకటనలకు బొమ్మలు గీసి, ఇక సొంత కథ ఒకటి తీయాలనుకున్నారు. ఇరవై రెండు నిమిషాల కుటుంబ హాస్య చిత్రం. బండలాగుడు పోటీల్లో పేరు తెచ్చుకుని వయసు మీద పడిన ఒంగోలు గిత్తను ప్రకాశం జిల్లా పల్లె నుంచి నెల్లూరు వైపు బంధువుల ఇంటికి తోలుకొస్తారు. ఇంటి పక్కన కోతలైన మళ్లలో బాతుల మంద దిగుతుంది. రోజూ తెల్లవారేసరికి గుడ్లు కొన్ని మాయమవుతుంటాయి. గిత్త, మందలోని ఒక వసపిట్ట బాతు కలిసి దొంగను పట్టుకోవాలి.

గిత్తకు పరువు, బాతుకు నోరు. ఒకరిది నిదానం, మరొకరిది తొందర. పొంతన కుదరని జంటకు కావలసిన సరుకంతా ఉన్నట్టే కనిపించింది. మొదటి చదువులోనే ఒక చమత్కారం నాకు నచ్చింది. "మాది ఒంగోలు" అని గిత్త మూపురం ఎగరేస్తే, "బ్రెజిల్‌లో మీ వాళ్లను నెలోరె అంటారు పెద్దయ్యా, అంటే మా నెల్లూరు" అంటుంది బాతు. అది కల్పన కాదు. ఓడలెక్కి వెళ్లిన ఒంగోలు జాతి సంతతిని ఆ దేశంలో నెల్లూరు పేరుతోనే పిలుస్తారు. ఈ రెండు జిల్లాల వాళ్లు ఒకే గదిలో కూర్చుని చూస్తే ఆ ఒక్క మాటకు గది రెండుగా చీలుతుంది. చీలింది కూడా.

నా దగ్గరికి వచ్చేసరికి యానిమాటిక్ సిద్ధంగా ఉంది. స్టోరీబోర్డు బొమ్మలను వరసగా పేర్చి, తాత్కాలిక గొంతులు పెట్టి నడిపించే కచ్చా చిత్రం అది. తప్పులు పట్టుకోవడానికి ఇంతకంటే చవకైన దశ లేదు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు, నిమిషానికి 720. రంగులు పడ్డాక ఒక నిమిషం తీసేయమంటే ఎవరి చేతులు నొప్పి పుట్టాయో వారి ముఖం చూడలేము.

ఏమిటి జబ్బు

దర్శకుడు చెప్పిన ఫిర్యాదు ఒక్క వాక్యం: "నవ్వుతున్నారు సార్, కానీ చూడటం లేదు."

దాన్ని నా కళ్లతో చూడాలని పెన్నా ఒడ్డున ఒక పల్లె బడిలో ప్రదర్శన పెట్టించాను. తెర వైపు కాకుండా పిల్లల వైపు తిరిగి కూర్చున్నాను. గిత్త జారి చెరువులో పడినప్పుడు బడంతా దద్దరిల్లింది. తొమ్మిదో నిమిషం దాటాక బెంచీలు కిర్రుమనడం మొదలైంది. పన్నెండో నిమిషంలో ఒక పిల్లవాడు ముందున్న అమ్మాయి జడ రిబ్బను విప్పి మళ్లీ ముడి వేయడానికి ప్రయత్నిస్తున్నాడు. తెర మీద అప్పుడు దొంగ జాడ దొరికిన ఘట్టం నడుస్తోంది.

చిత్రం అయ్యాక "నచ్చిందా" అని నేను అడగను. ఆ ప్రశ్నకు పిల్లలు మర్యాదగా అబద్ధం చెబుతారు. బయట నిలబెట్టిన, చిత్రం చూడని ఒక పిల్లను లోపలికి పిలిచి, చూసినవాళ్లను కథ చెప్పమంటాను. వాళ్లు చెప్పినవి ఇవి: గిత్త చెరువులో పడింది, బాతు తోక పట్టుకుని లాగింది, చివర ఉడుము దొరికింది. ఉడుమే దొంగ అని ఎలా తెలిసిందని చూడని పిల్ల అడిగింది. ఎవరూ చెప్పలేకపోయారు. ఒకడు మాత్రం "ఉడుమే కదా, చూస్తేనే తెలుస్తుంది" అన్నాడు.

ఆ జవాబులోనే రోగం మొత్తం ఉంది. నాకు అప్పుడు సగమే వినిపించింది.

మొదటి మందు: మాటలు

హాస్యం సరిపోవడం లేదని నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయానికి ఒక కారణం ఉంది. సంభాషణలు ఎక్కడో వేరే భాషలో పుట్టి ఇక్కడికి వలస వచ్చినట్టు ఉండేవి. గిత్త, బాతు ఒకరినొకరు "పార్ట్‌నర్" అని పిలుచుకునేవి. మన పల్లెలో వయసు మళ్లిన గిత్తను ఏ బాతూ అలా పిలవదు. "పెద్దయ్యా", "మీరు" అని మొదలుపెట్టించాను. గిత్త తిరిగి "అమ్మాయీ" అంటుంది. దీనివల్ల అనుకోని లాభం ఒకటి వచ్చింది. తగాదా ఘట్టంలో బాతు నోట మొదటిసారి "నువ్వు" అన్న మాట వచ్చినప్పుడు, ఏ సంగీతమూ అక్కర్లేకుండా గది నిశ్శబ్దమైంది.

బాతును మగబాతుగా రాశారు, ఆడబాతుగా మార్పించాను. బిగ్గరగా క్వాక్ క్వాక్ అనేది ఆడబాతే. మగబాతు గొంతు బొంగురుగా, తగ్గి ఉంటుంది. నోరు పెద్దదైన పాత్ర కావాలంటే ప్రకృతి ఆ పాత్రను ముందే ఎంపిక చేసి పెట్టింది.

మళ్లీ ప్రదర్శించాం. నవ్వులు పెరిగాయి. తొమ్మిదో నిమిషంలో బెంచీలు యథాప్రకారం కిర్రుమన్నాయి. మాటలు బాగుపడ్డాయి, కథ బాగుపడలేదు. ఇక్కడ నేను ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు.

రెండో మందు: ఎవరి కథ?

నిర్మాత ఈలోగా ఒక ఉదాహరణ పట్టుకొచ్చారు. 2016లో వచ్చిన యానిమేషన్ చిత్రం జూటోపియాకు మొదట నక్క ప్రధాన పాత్ర, నిర్మాణం చాలా దూరం నడిచాక కుందేలును ముందుకు తెచ్చి కథ తిప్పారు. ఆ సంగతి నిజమే. "మనమూ గిత్తను వెనక్కి నెట్టి బాతు కథగా చేద్దాం" అన్నారు. కాదనడానికి నా దగ్గర గట్టి కారణం లేకపోయింది. పైగా గిత్త పాత్ర కాస్త విగ్రహంలా నిలబడిపోతోందన్న దిగులు నాకూ ఉంది. ఒంగోలు గిత్త అంటే మనకు బొమ్మ ముందు, జీవం తరువాత. 2002లో హైదరాబాద్‌లో జరిగిన జాతీయ క్రీడలకు చిహ్నం కూడా గిత్తే. చిహ్నాన్ని నవ్వించడం కష్టం.

ఆరు వారాలు పోయాయి. బాతు కళ్లతో కథ తిరిగి రాశాం. ఫలితం అదే. ఈసారి పిల్లలు చెరువులో పడటం కూడా సరిగ్గా చెప్పలేదు.

ఎందుకు పనిచేయలేదో తేల్చుకోవడానికి నాకు ఒక రాత్రి పట్టింది. ఆ చిత్రంలో ప్రధాన పాత్రను మార్చడం వల్ల ప్రపంచం కనిపించే తీరే మారింది. ఊరంతా బాగుందని నమ్మి వచ్చిన కుందేలుకు ఎదురైనవి, మొదటి నుంచీ ఏమీ నమ్మని నక్కకు కొత్త కావు. మా కథలో గిత్త చూసిందీ బాతు చూసిందీ ఒకటే. ఒకే అడుగుజాడను ఇద్దరూ చూసి, ఒకరు నెమ్మదిగా, ఒకరు వేగంగా మాట్లాడుతున్నారు. అలాంటప్పుడు ఎవరిని ముందు నిలబెడితే ఏమిటి?

మూడో ప్రయత్నం గురించి ఎక్కువ చెప్పను. అనుమానితులను పెంచాం. పిల్లి, కాకి, ముంగిస వచ్చి చేరాయి. ఈసారి పట్నంలో ఒక అపార్టుమెంటు డాబా మీద ప్రదర్శన. ఒక చిన్నది వాళ్ల అమ్మ చెవిలో "ఇంకా ఎంతమంది వస్తారు?" అంది. పెళ్లిభోజనానికి వచ్చినవాళ్లను లెక్కపెడుతున్నట్టే అడిగింది.

మడికట్టు మీద

డబ్బు తీసుకుని నాలుగో సలహా ఇవ్వడానికి మొహం చెల్లలేదు. బాతులను ఒకసారి చూసి వస్తానని చెప్పి ఇందుకూరుపేట వైపు వెళ్లాను. పెన్నా డెల్టాలో కోతలు అయ్యాక బాతుల మందలను మళ్లలోకి దింపుతారు. రాలిన గింజలు, నత్తలు, పురుగులు వాటికి మేత. రైతుకు మడి శుభ్రం. సాయంత్రానికి వలతో దడి కట్టి, మందను అందులోకి తోలుతారు. ఒక పక్క వరి, ఇంకో పక్క రొయ్యల చెరువులు. చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిరిగే చప్పుడు రాత్రంతా ఉంటుంది.

మంద మేపే పెద్దమనిషి బీడీ వెలిగించుకుని నా ప్రశ్నలన్నీ విన్నాడు. రాత్రి దొంగ వస్తే బాతులు అరవవా అని అడిగాను. "లోపలివి నిద్రపోతాయి. అంచున ఉన్నవి సగమే పోతాయి" అన్నాడు. సగం అంటే? టార్చి వేసి చూపించాడు. దడి అంచున పడుకున్న బాతు తల వెనక్కి తిప్పి ముక్కు రెక్కల్లో దూర్చుకుంది. మా వైపున్న కన్ను తెరిచే ఉంది. చిన్న నల్లటి గుండీలా, టార్చి వెలుతురులో తళుక్కుమంది. అతను అటు వైపు నడిచి వెళ్లి, వంగి చూసి, "ఇటు కన్ను మూసుకుంది" అన్నాడు.

ఇంటికి వచ్చి చదివాను. 1999లో నేచర్ అనే విజ్ఞాన పత్రికలో మల్లార్డ్ అనే అడవి బాతుల మీద ఒక అధ్యయనం వచ్చింది. వరస చివర పడుకున్న బాతు మెదడులో ఒక సగాన్ని నిద్రపుచ్చి, రెండో సగాన్ని మేలుకొలిపి ఉంచుతుంది. తెరిచి ఉంచే కన్ను మందకు అవతలి వైపుది. మన పెంపుడు బాతుల్లో ఎక్కువ జాతులకు మల్లార్డే మూలం. మంద మేపేవాడు బీడీ పొగలో చెప్పింది, వాళ్లు యంత్రాలు పెట్టి కొలిచింది ఒకటే.

అప్పుడు తట్టింది. అంచు బాతు మంచి సాక్షి. కానీ సగం సాక్షి. బయటి నుంచి ఎవరు వచ్చినా చూస్తుంది. లోపలి నుంచి ఎవరు కదిలినా చూడదు. "ఎవరూ రాలేదు" అని అది చెబితే, ఆ మాట నిజం. దొంగ లోపలే ఉన్నాడని ఆ నిజానికి అర్థం.

అంటే ఉడుము దొంగ కాకూడదు. పల్లె బడిలో ఆ పిల్లవాడు అన్న "చూస్తేనే తెలుస్తుంది" కూడా అప్పుడు పూర్తిగా వినిపించింది. బయటివాడు, గరుకు చర్మంవాడు, కనుక దొంగ. పిల్లలకు అది నేర్పడానికి ఇరవై రెండు నిమిషాలు, వేల బొమ్మలు ఖర్చు పెడుతున్నామా?

గోడ మీద రెండు కాగితాలు

మర్నాడు బృందాన్ని కూర్చోబెట్టి గోడకు రెండు కాగితాలు అంటించాం. ఒకదాని మీద గిత్తకు మాత్రమే తెలిసేవి, రెండోదాని మీద బాతుకు మాత్రమే తెలిసేవి. కోపం, పరువు, తొందర లాంటి స్వభావాలు రాయకూడదని షరతు పెట్టాను. కన్ను, ముక్కు, నోరు, కాలు, వీటికి సంబంధించినవే రాయాలి.

బాతు కాగితం నిండింది. పక్షుల కంట్లో రంగును పట్టే కణాలు నాలుగు రకాలు, మనకు మూడు, పశువులకు రెండే. పచ్చికలో పడిన ఎర్ర పీలిక బాతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, గిత్తకు పచ్చికలో కలిసిపోతుంది. ఇక్కడ ఒక చిన్న యుద్ధం జరిగింది. ఎర్ర చీర చూసి గిత్త రంకె వేసే హాస్యం ఒకటి స్క్రిప్టులో ఉంది, తీసేయమన్నాను. పశువును రేపేది రంగు కాదు, కదలిక. "పిల్లలు ఎదురుచూసేది అదే కదా" అన్నాడు దర్శకుడు. ఎదురుచూసేది అదే కనుక తిరగేశాం. బాతు ఎర్ర గుడ్డ పట్టుకుని గిత్త ముందు నిలబడుతుంది, గిత్త ఆవులిస్తుంది. ఇంతలో గాలికి ఒక నీలి ప్లాస్టిక్ కవరు ఎగిరితే, బండలు లాగిన మహావీరుడు నాలుగు మళ్లు దాటి పరుగెత్తుతాడు. ఆ తరువాతి ప్రదర్శనలన్నిటిలోనూ పెద్ద నవ్వు ఇదే.

గిత్త కాగితం ఖాళీగా ఉండిపోయింది. వాసన అని రాశాం. అటూ ఇటూ దాదాపు చుట్టూ చూడగలదని, సరిగ్గా తోక వెనక మాత్రం కనిపించదని రాశాం. బాతు గొణుక్కోవడానికి ఆ చోటు బాగుంటుందని ఒకరు నవ్వారు. కేసు తేల్చే సంగతి ఏదీ రాలేదు. సాయంత్రం టీ తాగుతుండగా, బొమ్మలు గీసే అమ్మాయి కాస్త విసుగ్గా, "అది ఏం చేస్తుంది సార్, రోజంతా గడ్డి తిని నెమరు వేస్తుంది, అంతేగా" అంది.

ఎవరమూ కాసేపు మాట్లాడలేదు.

పశువు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు నెమరు వేస్తుంది. మింగినదాన్ని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని తీరిగ్గా నములుతుంది. తెలుగులో జ్ఞాపకం తెచ్చుకోవడాన్నీ నెమరువేసుకోవడమనే అంటాం. మాకు కావలసిన పరిశోధకుడు ఆ ఒక్క మాటలోనే దాక్కుని ఉన్నాడు. దొంగ గుడ్లను గడ్డివామిలో దాచాడనుకుందాం. ఆ గడ్డి మీద ఆనవాలు ఉంటుంది. గిత్త ఆ గడ్డిని తినేస్తుంది. సాక్ష్యం మాయం! బాతు "నువ్వు" అని విరుచుకుపడే తగాదాకు ఇప్పుడు నిజమైన కారణం దొరికింది. ఇద్దరూ విడిపోతారు. రాత్రి ఒంటరిగా పడుకుని గిత్త నెమరు వేస్తుంది. పోయిందనుకున్న సాక్ష్యం గొంతులోంచి తిరిగి వస్తుంది. ఏదో రుచి, గడ్డిది కాదు. రొయ్యల మేత రుచి.

మిగిలింది లెక్క కట్టడమే. రొయ్యల మేత వాసన వేసే ఖాళీ సంచి మీద మకాంలో పడుకునేది ఎవరు? కాపలా కుక్క. లోపలే ఉండేది ఎవరు? కాపలా కుక్క. గుడ్లను ఆ సంచిలోనే ఈడ్చుకెళ్లింది. బాతు సాక్ష్యం ఒక్కటే ఉంటే లోపలివాళ్లందరూ అనుమానితులే. గిత్త సాక్ష్యం ఒక్కటే ఉంటే రొయ్యల చెరువు దగ్గరివాళ్లందరూ అనుమానితులే. రెండూ కలిసిన చోట ఒక్కరే మిగులుతారు. కుక్కకు ఒక కారణం కూడా ఇచ్చాం. అది ముసలిది. గుడ్ల లెక్క తేలేదాకా యజమాని మకాం ఎత్తడు, మకాం ఎత్తితే మళ్లీ మైళ్ల కొద్దీ నడవాలి.

గోడ కేసి చూస్తూ దర్శకుడు "ఇది మన మిత్రలాభమే కదా సార్" అన్నాడు. కాదనలేను. చిన్నయసూరి 1853లో అచ్చు వేయించిన నీతిచంద్రికలోనూ కాకి పైనుంచి చూస్తుంది, ఎలుక తాళ్లు కొరుకుతుంది. కాకి కొరకలేదు, ఎలుక ఎగరలేదు. బడిలో చదువుకున్నదాన్ని పట్టుకోవడానికి నాకు రెండు నెలలూ ఒక టార్చి లైటూ కావలసి వచ్చాయి.

పనిచేసింది, పూర్తిగా కాదు

కొత్త యానిమాటిక్‌ను అదే పల్లె బడిలో వేరే తరగతికి చూపించాం. తొమ్మిదో నిమిషంలో బెంచీలు కిర్రుమన్నాయి. ఈసారి ముందుకు వంగడం వల్ల. గిత్త గడ్డి తినేస్తుంటే ఒక అమ్మాయి లేచి నిలబడి "తినకు, తినకు" అని అరిచింది. తగాదా తరువాత, గిత్త దవడ కదలకముందే, వెనక బెంచీ నుంచి ఒక గొంతు వినిపించింది: "నెమరు వేస్తే తెలుస్తుంది చూడు." వాడి ఇంట్లో గేదెలు ఉన్నాయట. ప్రేక్షకుడు మనకంటే అరనిమిషం ముందు ఉండటం తప్పని అనుకునేవాణ్ణి. వాడి ముఖంలో ఆ గర్వం చూశాక ఆ అరనిమిషాన్ని అలాగే ఉంచమన్నాను.

అపార్టుమెంటు డాబా మీద కథ అడ్డం తిరిగింది. అక్కడి పిల్లల్లో సగం మందికి నెమరు అంటే తెలియదు. గిత్తకు వాంతి అయిందనుకున్నారు. దానికి మొదటి రెండు నిమిషాల్లోనే ఒక చిన్న తునక కలిపాం. గిత్త తీరిగ్గా దవడ ఆడిస్తుంటే, బాతు "పొద్దున తిన్నది ఇప్పుడా?" అని అడుగుతుంది. "పొద్దున మింగాను అమ్మాయీ. తినడం ఇప్పుడు" అంటుంది గిత్త. బాతు ఒంటికన్ను నిద్ర కూడా ఇలాగే ముందే నవ్వుగా చూపించి పెట్టాం. ఒకసారి నవ్వినదాన్ని పిల్లలు మరిచిపోరు. ఆధారాన్ని ఆధారంలా చూపిస్తే మాత్రం మరిచిపోతారు. మొదటి యానిమాటిక్‌లో అడుగుజాడ మీద పెద్ద వెలుతురు పడి, సంగీతం మోగేది. ఒక్కరికీ గుర్తులేదు.

తేలనిది ఒకటి ఉంది. డాబా మీద చూసిన ఒక పెద్దావిడ, "దొంగతనం చేసిన కుక్కకు శిక్ష ఏది నాయనా?" అని అడిగారు. చివర్లో కుక్కను బండి ఎక్కించుకుని మంద కదులుతుంది, గిత్త ఆ బండి లాగుతుంది. అది చాలదన్నారు ఆవిడ. నిర్మాతదీ అదే మాట. నాకు చాలనిపించింది. చిత్రంలో ఇప్పటికి నా పక్షమే నెగ్గింది, కానీ ఆవిడ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉందని చెప్పను.

ఇప్పుడు పొంతన లేని జంట కథ ఏది వచ్చినా ముందు ఆ రెండు కాగితాలు తీస్తున్నాను. ఒక కాగితం ఖాళీగా ఉంటే సంభాషణల జోలికి పోవడం లేదు. ఇది అన్నిటికీ పనికొస్తుందని కాదు. తరువాత వచ్చిన ఒక కథలో రెండు కాగితాలూ నిండాయి, అయినా కథ చచ్చుగానే ఉంది. అది వేరే కేసు.

తుది రంగులకు వెళ్లేముందు మంద మేపే పెద్దమనిషికి ఫోనులో చిత్రం చూపించాను. నవ్వలేదు. శ్రద్ధగా చివరిదాకా చూసి, గుడ్లు పెట్టే ఘట్టానికి వెనక్కి తిప్పమన్నాడు. "ఎండ వచ్చాక పెడుతున్నాయి మీ బాతులు. మావి తెల్లవారకముందే పెట్టేస్తాయి" అన్నాడు. నేపథ్య చిత్రాలు వేసే కుర్రాడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఘట్టం ఇప్పుడు చీకట్లో జరుగుతుంది.